ఎర్ర మందు, నల్ల నలుసు: నెల్లూరు ల్యాబులో ఆరు నెలల ప్రాజెక్టు డైరీ

జనవరి 20

సంక్రాంతి సెలవులు అయ్యాయి. ఇవాళ గైడ్ మేడం సంతకం పెట్టారు, ప్రాజెక్టు ఖాయమైంది. ఎం.ఫార్మసీ ఆఖరి ఏడాది. చేతిలో ఉన్నది ఆరు నెలలు.

ప్రాజెక్టు పేరు రెండు లైన్లు ఉంటుంది గానీ విషయం ఇది. పాలీడోపమైన్ అనే నల్లటి పదార్థంతో నానో కణాలు చేయాలి. వాటికి డాక్సోరూబిసిన్ అనే కీమో మందు పట్టించాలి. 808 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ వెలుతురు పడితే కణం వేడెక్కాలి, ఆ వేడికి మందు వదలాలి. క్యాన్సర్ గడ్డ మీద వేడీ మందూ ఒకేసారి పనిచేయాలి.

ఈ డైరీ రాయడానికి ఒక కారణం, మాలాంటి కాలేజీల్లో ఈ పని మొదలుపెట్టేవాళ్ళు. పేపర్లలో "రాత్రంతా కలిపాము" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ రాత్రి ఏమేం చెడిపోవచ్చో ఉండదు. అది ఇక్కడ దొరకాలి.

రెండో కారణం మా పెద్దమ్మ. మూడేళ్ళ కింద ఆమెకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కోవూరు నుంచి చెన్నై తిరిగి, 21 రోజులకొకసారి చొప్పున నాలుగు సార్లు ఎక్కించుకున్నది ఈ మందే. నాలుగు సార్లూ పక్కన నేనే కూర్చున్నాను. నర్సు పెద్ద సిరంజిలో దానిమ్మ రసం రంగు మందు తెచ్చి, సెలైన్ పోతున్న గొట్టంలోకి మెల్లగా తోసేది. మందు నరం దాటి బయటికి కారితే కండ పుండైపోతుంది. అందుకే మధ్యమధ్యలో ఆపి "మంటగా ఉందా అమ్మా?" అని అడిగేది. ఆ సాయంత్రం మూత్రం ఎర్రగా వస్తే పెద్దమ్మ రక్తం అనుకుని హడలిపోయింది. జుట్టంతా పోయింది. ఈ మందు గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి ఎకో పరీక్ష చేయించారు, మందు మొత్తం ఇంత దాటకూడదని లెక్క పెట్టారు.

మందు పనిచేసింది, పెద్దమ్మ బాగుంది. కానీ గడ్డ ఉన్నది ఒక చోట, మందు పోయింది ఒళ్ళంతా. నా ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క విషయం మీదే.

జనవరి 29

ఎందుకు నలుపు అని సెమినార్లో అడిగారు. బంగారం వాడొచ్చు కదా అన్నారు.

వాడొచ్చు. ఈ దారి తెరిచిందే బంగారం. అమెరికాలో రైస్ యూనివర్సిటీకి చెందిన నయోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం 2003లో సిలికా గుండు మీద బంగారు పొర వేసిన కణాలతో, లేజర్ వేడితో గడ్డ కణాల్ని చంపి చూపించింది. అదే రకం కణాల్ని తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మందికి ఇచ్చారు, ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. కానీ మా దగ్గర బంగారు కణాలు చేసి, రకరకాల ఆకారాల్లో నిలబెట్టి, పరీక్షించే సరంజామా లేదు. పాలీడోపమైన్ అయితే ఒక గాజు బీకరు, ద్రావణాన్ని కలిపే ఒక స్టిర్రర్, కాస్త క్షారం చాలు. మీది కూడా చిన్న ల్యాబే అయితే దీంతోనే మొదలుపెట్టండి.

2007లో హేషిన్ లీ, ఫిలిప్ మెసర్‌స్మిత్ బృందం దీన్ని లోకానికి చూపించింది. సముద్రంలో రాళ్ళకి అతుక్కునే మసెల్ అనే గుల్ల జీవి జిగురు చూసి వాళ్ళకి ఆ ఆలోచన వచ్చింది. 2013లో చైనా పరిశోధకులు ఈ నల్ల కణం మీద పడిన లేజర్ శక్తిలో సుమారు 40 శాతం వేడిగా మారుతోందని లెక్క కట్టారు. మన జుట్టుకీ చర్మానికీ రంగునిచ్చే మెలనిన్‌కి ఇది దగ్గరి చుట్టం.

దీన్ని మన వంటింట్లో అందరం చూశాం. పచ్చి అరటికాయ కోసి పెడితే నల్లబడుతుంది. అరటిలో డోపమైన్ ఉంటుంది, గాలి తగిలి అది నల్ల పదార్థంగా మారుతుంది. అందుకే అమ్మ ముక్కల్ని మజ్జిగ కలిపిన నీళ్ళలో వేస్తుంది, పులుపులో ఆ మార్పు నెమ్మదిస్తుంది. మేము చేయబోయేది దానికి తిరగేసిన పని: పులుపు బదులు క్షారం వేసి త్వరగా నల్లబరచడం.

ఫిబ్రవరి 6

మొదటి బ్యాచ్. డోపమైన్ హైడ్రోక్లోరైడ్ 180 మిల్లీగ్రాములు, డీఅయోనైజ్డ్ (ఉప్పులు తీసేసిన) నీళ్ళు 90 మిల్లీలీటర్లు, 50 డిగ్రీలు. కరిగినాక తెల్లగా, తేటగా ఉంది. అందులోకి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం ముప్పావు మిల్లీలీటరు ఒకేసారి వేశాం.

ఊపిరి తీసుకునే లోపల లేత పసుపు తిరిగింది. నేనూ నా జోడీ (కావలి అమ్మాయి, రోజూ రైల్లో వస్తుంది) బీకరు ముందు నుంచి కదల్లేదు. పసుపు కాస్తా పది నిమిషాల్లో డికాషన్ రంగైంది. అరగంటకి వెనక గోడ కనపడలేదు. రెండో గంటకి స్టిర్రర్ బిళ్ళ తిరుగుతున్న చప్పుడు వినపడటమే గానీ బిళ్ళ కనపడలేదు. మధ్యలో గాజు కడ్డీ ముంచి తెల్ల కాగితం మీద పెడితే, చుక్క నల్లగా కాక అంచుల్లో గోధుమ రంగుగా పరుచుకుంది. కణాలు ఇంకా చిన్నవే అన్నమాట.

మూడో గంటలో కరెంటు పోయింది. నలభై నిమిషాలు రాలేదు. వేడి 38కి దిగింది, కలపడం ఆగింది. ఆ బ్యాచ్ పారబోయక "బి1, కరెంటు పోయినది" అని రాసి పక్కన పెట్టాం. మళ్ళీ చేసిన బ్యాచ్ బి2. ఆ రోజు స్టిర్రర్‌ని ఇన్వర్టర్ లైనుకి మార్పించుకున్నాం. ముందే చేసుంటే ఒక రోజు మిగిలేది.

ఫిబ్రవరి 13

కణాల్ని నీళ్ళ నుంచి వేరు చేయాలంటే గట్టిగా తిప్పాలి. మా కాలేజీ సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పే మెషిన్) నిమిషానికి 4,000 చుట్లు, అంటే 4,000 ఆర్‌పీఎం దాటదు. గంట తిప్పినా నలుపు నలుపుగానే ఉంది.

దారి నా జోడీకే తట్టింది. వాళ్ళ బంధువు ఒకాయనకి అల్లూరు వైపు రొయ్యల ల్యాబు ఉంది. రొయ్య పిల్లలకి తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేస్తారు, దానికి 13,000 ఆర్‌పీఎం తిరిగే చిన్న సెంట్రిఫ్యూజ్ ఉండాల్సిందే. మన జిల్లాలో చెరువులున్న చోటల్లా ఇలాంటి ల్యాబు ఒకటి కనపడుతుంది, మనం వాటిని సైన్సు ల్యాబులుగా లెక్కలోకి తీసుకోం.

అన్న ఒక్కటే అడిగాడు: "ఇది రొయ్యకి ప్రమాదమా?" కాదన్నాం. మందు ఇంకా పట్టించలేదు, వట్టి కణాలే, అవి మాత్రమే ఇక్కడికి తెస్తాం అని చెప్పాం. ఆయన మెషిన్ తుడిచి ఇచ్చాడు. పావుగంట తిప్పి తీస్తే ట్యూబు అడుగున ఆవగింజ మీద పొట్టంత నల్ల ముద్ద, పైన తేరిన నీళ్ళు టీ రంగు. ఆ నీళ్ళు తీసేసి మంచి నీళ్ళు పోసి కదిపి మళ్ళీ తిప్పాం. నాలుగో సారికి పైనీళ్ళు తేటపడ్డాయి.

ఫిబ్రవరి 27

సైజు రిపోర్టు వచ్చింది, బయట యూనివర్సిటీ ల్యాబులో డబ్బు కట్టి చేయించాం. బి2 సగటు 138 నానోమీటర్లు. ఎర్ర రక్తకణం సుమారు 7,000 నానోమీటర్లు, కాబట్టి మా కణాలు యాభై పక్కపక్కన పేరిస్తే ఒక రక్తకణం అడ్డం. బి1 రెండు రకాల సైజులు చూపించింది. కరెంటు పోయిన నలభై నిమిషాలు ఆ గ్రాఫులో రెండో మూపురంలా నిలబడి ఉంది.

సంతోషం సాయంత్రం దాకే. పులుపు, క్షారం పాళ్ళు మారని ద్రావణాన్ని బఫర్ అంటాం. రక్తంలో ఉండేంత ఉప్పున్న బఫర్‌లో కణాలు వేశాను. గంటకల్లా అడుగున మసి దిగింది. మంచి నీళ్ళలో ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉండే కణాలు, ఉప్పు తగిలేసరికి అతుక్కుపోయాయి. ఒంట్లోకి పోతే ఊపిరితిత్తుల సన్న నాళాల్లో ఇరుక్కునేవి ఇవే. ఇది చిన్న విషయం కాదు.

దీనికి విరుగుడు: పెగ్ అనే నీటిని పట్టుకునే పొడుగు అణువుని కణం చుట్టూ తొడగడం. ఖరీదైన రసాయనం, స్టైపెండ్ వచ్చాక ఇద్దరం సగం సగం వేసుకుని ఒక గ్రాము తెప్పించాం.

మార్చి 14

పెగ్ తొడిగిన కణాలు ఉప్పు బఫర్‌లో మూడు రోజులైనా దిగలేదు. సైజు 160కి పెరిగింది. ముందుకి.

మార్చి 19

లేజర్ పది రోజుల కిందే వచ్చింది, ఇవాళే బయటికి తీశాం. అరచేతిలో పట్టే అల్యూమినియం దిమ్మె, ఒక ఫ్యాను, ఒక అడాప్టరు. ఎవరైనా ఇది చేయబోతుంటే ముందు ఈ పేరా చదవండి. 808 కంటికి దాదాపు కనపడదు, చీకట్లో సన్నటి ఎర్ర చుక్కలా తోస్తుంది. చిన్న లైటే అనుకుంటాం. నిజానికి కంటి వెనక తెరని క్షణంలో కాల్చేసేంత శక్తి అది, కనపడదు కాబట్టి రెప్ప కూడా మూసుకోదు. ఈ తరంగదైర్ఘ్యానికే చేసిన కళ్ళద్దాలు రావడానికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులూ లేజర్ మేడం బీరువాలో తాళం వేసి ఉంది. గాజులు, ఉంగరం, వాచీ తీసేశాకే గదిలోకి. తలుపు మీద కాగితం అంటించాం. వెలుతురు ఎక్కడ పడుతోందో ఫోన్ కెమెరాలో చూస్తాం, అది కెమెరాకి ఊదా తెలుపుగా కనపడుతుంది.

808నే ఎందుకంటే: ఫోన్ టార్చి మీద అరచెయ్యి మూసి చూడండి. వేళ్ళు ఎర్రగా వెలుగుతాయి. నీలం, పచ్చ రక్తం మింగేస్తుంది, ఎరుపు దాటొస్తుంది. ఎరుపు కంటే ఇంకాస్త అవతల, సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య, రక్తమూ నీళ్ళూ రెండూ వెలుతుర్ని తక్కువ మింగుతాయి. మన ఒంటికి ఉన్న కిటికీ అది.

అమ్మినవాళ్ళు 2 వాట్లు అని స్టిక్కర్ వేశారు. పక్క కాలేజీ ఫిజిక్స్ వాళ్ళ పవర్ మీటర్ మీద పెడితే 1.35 వచ్చింది. స్టిక్కర్ నమ్మి లెక్కలు రాసుంటే మా ప్రతి అంకే తప్పయ్యేది. వెలుతురు పడే చోటు గుండ్రం కాదు, కోలగా ఉంది. దాని వైశాల్యం కొలిచి, చదరపు సెంటీమీటరుకి 1 వాట్ పడే దూరంలో స్టాండు బిగించాం. అక్కడ నేల మీద పెయింటు గీత కొట్టాం, ఎవరూ కదపకుండా.

మార్చి 26

మొదటి రీడింగ్ 71 డిగ్రీలు. ఇద్దరం ఎగిరి గంతేశాం. మేడం వచ్చి చూసి ఏమీ అనలేదు, కణాలు లేని మంచి నీళ్ళు పెట్టి మళ్ళీ చేయమన్నారు. మంచి నీళ్ళూ 66 చూపించాయి. నీళ్ళు అంత వేడెక్కవు. వేడి కొలిచే థర్మోకపుల్ తీగ మొన సరిగ్గా లేజర్ దారిలో ఉంది, వేడెక్కింది నీళ్ళు కాదు, తీగ.

మొన పక్కకి జరిపి, వెలుతురు తగలని మూలలో పెట్టి, అన్నీ మళ్ళీ చేశాం. గది 31. పది నిమిషాలకి మంచి నీళ్ళు 33. మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాముల కణాలతో 39, 100తో 43.5, 200తో 49. లేజర్ ఆపి చల్లార్చి మళ్ళీ వేశాం, అలా ఐదు సార్లు. ఐదోసారి కూడా అదే వేడి. 1959లో అమెరికాలో అనుమతి పొందిన, కళ్ళ డాక్టర్లు కూడా వాడే ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు కూడా ఈ వెలుతురుని పట్టుకుంటుంది గానీ, పట్టుకున్న కొద్దీ వెలిసిపోతుంది. నల్ల కణం వెలవలేదు.

71 కంటే ఈ 43.5 నాకు చాలా విలువైంది. 50 దాటితే ఒంటి కణాలు నేరుగా ఉడికిపోతాయి, గడ్డవీ, పక్కనున్న మంచివీ. 42, 43 దగ్గర పని వేరు. క్యాన్సర్ కణం పొర వదులై మందు ఎక్కువ లోపలికి పోతుంది. రక్తనాళాలు విప్పారి మందు తెచ్చిపెడతాయి. అన్నిటికంటే ముఖ్యం: డాక్సోరూబిసిన్ డీఎన్ఏ పోగుల మధ్య దూరి తెగ్గొడుతుంది, క్యాన్సర్ కణం ఆ తెగిన చోట అతుకు వేసుకోవాలని చూస్తుంది, ఈ వేడి ఆ అతుకు పనిని అడ్డుకుంటుంది. మందు కొట్టిన దెబ్బని వేడి మాననివ్వదు. రెండూ ఒకేచోట ఒకేసారి ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

ఏప్రిల్ 10

డాక్సోరూబిసిన్, పది మిల్లీగ్రాముల సీసా. రెండు జతల గ్లౌజులు, మాస్కు, కళ్ళద్దాలు, బల్ల మీద పరిచిన పీల్చే కాగితం. వాడిన ప్రతి టిప్పూ ట్యూబూ గ్లౌజూ పసుపు సంచిలోకి, సంచి మీద సైటోటాక్సిక్ (కణాల్ని చంపేది) అని గుర్తు. ఇవి మామూలు చెత్తలో కలవకూడదు, 1,200 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చాలని 2016 నిబంధనలు చెప్తాయి. అందుకని తీసుకుపోయే ఏజెన్సీతో మేడం ముందే మాట్లాడారు. మందుతో చేసే పనంతా కాలేజీలోనే. దీనికోసం మేడం తంటాలు పడి ఒక చిన్న హై స్పీడ్ సెంట్రిఫ్యూజ్ అరువు తెచ్చారు.

సీసా మూత తీయగానే నాకు చెన్నై వార్డు గుర్తొచ్చింది. అదే రంగు. ఒక్క నిమిషం పక్కకి వెళ్ళి వచ్చాను.

కణాలతో కలిపి, చీకట్లో, కాస్త క్షారంగా ఉన్న బఫర్‌లో రాత్రంతా తిప్పాం. పొద్దున కణాల్ని దించితే పైనీళ్ళలో ఎరుపు దాదాపు లేదు. రంగు ఎంతుందో కొలిచే యూవీ మెషిన్లో 480 నానోమీటర్ల దగ్గర చూస్తే, వేసిన మందులో 92 శాతం నీళ్ళలో లేదు. అంటే కణాలకి పట్టినట్టే. పేపర్లలో ఉన్న అంకెల పక్కన పెట్టేంత బాగుంది.

ఏప్రిల్ 18

ఆ 92 తప్పు. ఎలా తెలిసిందో వివరంగా రాస్తాను, ఈ డైరీలో అన్నిటికంటే పనికొచ్చే పేజీ ఇదే.

మా నాన్న బుచ్చిరెడ్డిపాలెం దగ్గర రైసు మిల్లులో గుమాస్తా. రాత్రి అన్నం తింటూ లెక్క చెప్పాను: ఇంత వేశాం, నీళ్ళలో ఇంతే మిగిలింది, తక్కినదంతా కణాలకే పట్టింది. ఆయన అన్నాడు, "వచ్చిన వడ్లు రాసుకున్నావు, పోయిన బియ్యం రాసుకున్నావు. గోడౌన్లో నిల్వ చూడలా? తవుడూ నూకా ఏడికి పోయినాయి?"

నిజంగానే నిల్వ చూడలేదు. నీళ్ళలో లేదంటే కణాల్లోనే ఉందనుకున్నాం, కణాల్లో ఎంతుందో తీసి చూడలేదు. మర్నాడు కణాలే లేని ట్యూబు ఒకటి పెట్టాం. అదే మందు, అదే బఫర్, అదే రాత్రి. పొద్దున దాన్లో కూడా 38 శాతం ఎరుపు మాయం! కణాలే లేకపోతే ఎక్కడికి పోయింది? ట్యూబు ఖాళీ చేసి వెలుతురుకి పట్టుకుంటే ప్లాస్టిక్ గోడకి పల్చటి గులాబి పొర. మిగిలిన ద్రావణం ఎరుపు కాదు, ఊదా వైపు తిరిగింది. మందు కొంత గోడకి అంటుకుంది, కొంత క్షారంలో పాడైంది. ఆ రెండూ కణాల ఖాతాలో జమ చేశాం.

క్షారం తగ్గించాం. రాత్రంతా కాక ఆరు గంటలు చేశాం. ట్యూబుల రకం మార్చాం. ప్రతిసారీ కణాల్లేని ట్యూబు పక్కన ఉండాల్సిందే. పైనీళ్ళు, కడిగిన నీళ్ళు, కణాల్లోంచి ఆమ్లంతో బయటికి తీసిన మందు, మూడూ కలిపితే వేసినదానికి సరిపోవాలి. ఇప్పుడు అసలు అంకె 61. గోడకి పోయింది 5. లెక్క తేలుతోంది.

92 పోయి 61 వచ్చినందుకు బాధ లేదు. ఆ 92 పట్టుకుని ఎవరో ఒకరు రేపు ఎలుకకి డోసు లెక్కకడితే ఏమయ్యేది?

మే 8

వదిలే పరీక్ష. కణాల్ని డయాలసిస్ సంచిలో (మందు దాటుతుంది, కణాలు దాటవు) కట్టి 37 డిగ్రీల బఫర్‌లో వేలాడదీసి, గంట గంటకీ బయటి నీళ్ళు తీసి చూడడం. రెండు రకాల బఫర్: రక్తంలా పీహెచ్ (పులుపు, క్షారం కొలత) 7.4, క్యాన్సర్ కణం లోపలి తిత్తుల్లా పులుపుగా పీహెచ్ 5. ఒక్కోదాంట్లో ఒకటి చీకట్లో, ఒకటి లేజర్ కింద. ఐదేసి నిమిషాల చొప్పున మూడు సార్లు వెలుతురు.

24 గంటలకి: రక్తం లాంటి బఫర్‌లో, చీకట్లో 9 శాతం. పులుపు బఫర్‌లో చీకట్లో 30. పులుపు బఫర్‌లో వెలుతురుతో 47. లేజర్ వేసిన ప్రతిసారీ గీత మెట్టులా పైకి లేచింది, ఆపగానే మళ్ళీ వాలింది. ఆ మూడు మెట్లూ గ్రాఫు కాగితం మీద చేత్తో గీశాను, ప్రింటు కంటే అదే నచ్చింది.

అందరూ 47 చూసి మెచ్చుకున్నారు. నా కళ్ళు 9 మీదే ఉన్నాయి. గడ్డని చేరకముందే, వెలుతురు పడకముందే, రక్తంలో దారి పొడుగునా కారిపోయేది అది. పెద్దమ్మ గుండెకీ జుట్టు కుదుళ్ళకీ పోయేది ఆ 9. ఈ మందుల్ని ఎవరైనా మెచ్చుకుంటుంటే, వెలిగిస్తే ఎంత వదిలిందని కాదు, వెలిగించనప్పుడు ఎంత పట్టుకుందని అడగండి. పెగ్ లేని పాత బ్యాచ్‌లో ఇది 14 ఉండేది. ఇంకా దించాలి.

మే 15

మేడం ప్రశ్న: మెట్లు లేచింది వేడికా, వెలుతురుకా? వెలుతురు మందునే విరగ్గొడుతుంటే?

లేజర్ తీసేసి, అదే కణాల్ని వేడినీళ్ళ తొట్టిలో అదే 45 డిగ్రీలకి, అదే ఐదేసి నిమిషాలు పెట్టాం. 44 శాతం వదిలింది. లేజర్‌తో 47. అంటే పని చేసింది ఎక్కువ పాళ్ళు వేడే. ఆ మూడు శాతం తేడా కణం చుట్టూ ఉన్న వేడి, థర్మామీటరు చూపే వేడి కంటే ఎక్కువ కావడం వల్లా అన్నది చెప్పేంత కచ్చితంగా మా కొలత లేదు, థీసిస్‌లో దాని మీద ఏమీ కట్టను.

మే 29

రోహిణి కార్తె. ల్యాబు గది 37. లేజర్ దిమ్మె చల్లారక తనే ఆగిపోతోంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకే పని.

ఇవాళ కోడి మాంసం తెచ్చాం, చర్మం లేని రొమ్ము ముక్క. పల్చటి పలకలుగా కోసి లేజర్‌కీ కణాల ట్యూబుకీ మధ్య నిలబెట్టాం. అడ్డం లేనప్పుడు వేడి 18 డిగ్రీలు పెరిగింది. 3 మిల్లీమీటర్ల ముక్క అడ్డంతో 11. 6 మిల్లీమీటర్లతో 6. సెంటీమీటరు ముక్కతో 3. పైగా ముక్క ముందు వైపు తెల్లగా ఉడకడం మొదలైంది.

కాబట్టి బయటి నుంచి వెలుతురు వేసి లోతు గడ్డల్ని వేడి చేస్తామనే మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. చర్మం కింద గడ్డలకి సరే. లోతు వాటికి, ఆ 16 మంది ప్రోస్టేట్ రోగులకి చేసినట్టు, సూది దారిన సన్నటి ఆప్టిక్ తీగ గడ్డలోకే పంపి అక్కడ వెలిగించాలి.

ఎంతసేపు వేడి నిలిపామన్నదీ అంతే ముఖ్యం. లైపోజోమ్ అనే కొవ్వు బుడగలో ఇదే డాక్సోరూబిసిన్ పెట్టి, వేడికి విచ్చుకునేలా థెర్మోడాక్స్ అనే మందు చేశారు. కాలేయ క్యాన్సర్ ఉన్న 701 మంది మీద పరీక్షిస్తే, 2013 జనవరిలో ఫలితం అనుకున్నట్టు రాలేదని తేలింది. గడ్డని ఎంతసేపు వేడి చేశారన్న ప్రశ్న అప్పుడే గట్టిగా లేచింది. మా ఐదు నిమిషాల మెట్లు అందంగా ఉన్నాయి గానీ, అరగంట 43 దగ్గర నిలిపితే ఏమవుతుందో చూడాలి. వేసవి దిగాక.

జూన్ 11

ఇవాళ కోవూరు వెళ్ళాను. పెద్దమ్మ మొలగొలుకుల అన్నం, చేపల పులుసు పెట్టింది. నేను ఏం చేస్తున్నానో ఇన్ని నెలలుగా చెప్పలేదు, ఆ మందు పేరు ఎత్తడం ఇష్టం లేక. ఆమే అడిగింది.

"ఏంది అమ్మణ్ణీ, ఆ ఎర్ర మందే మీరూ చేస్తా ఉండారంటనే?"

చేయడం లేదు పెద్దమ్మా, దాన్ని ఒక నల్ల నలుసులో మూటగడుతున్నాం, వెలుతురు పడ్డ చోటే మూట విప్పేలా అని చెప్పాను. కాసేపు పులుసు గరిటె అలాగే పట్టుకుని ఆలోచించింది.

"మరి ఆ నలుసు గడ్డ దగ్గరికే పోవాలని దానికెట్టా తెలస్తాది?"

ఇన్ని సెమినార్లలో ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు. దానికి తెలియదు. గడ్డలో రక్తనాళాలు హడావుడిగా పెరిగి సందులు సందులుగా ఉంటాయి, నానో కణాలు ఆ సందుల్లోంచి జారి అక్కడ నిలిచిపోతాయి. జపాన్‌లో మత్సుమురా, మయేదా 1986లో చూపించింది ఇదే. దీని మీదే ఈ రంగం మొత్తం నడిచింది. కానీ 2016లో టొరంటోలో వారెన్ చాన్ బృందం అంతకు ముందు పదేళ్ళలో జంతువుల మీద చేసిన పరీక్షలన్నీ పోగుచేసి చూస్తే, ఎక్కించిన కణాల్లో గడ్డకి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. తక్కినవి ఎక్కువగా కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

నూరు కణాలు పంపితే ఒక్కటి కూడా సరిగా చేరదు అని పెద్దమ్మకి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. వెలుతురు వేసేది గడ్డ మీదే కాబట్టి కాలేయంలో చిక్కినవి వేడెక్కవు, అక్కడ మందు విప్పుకోకుండా పట్టుకోవాలి, నా పని ఆ పట్టు గట్టి చేయడం అని కూడా చెప్పాను. "అయితే నీ పని మూటకి ముడి వేసేది" అంది. అవును.

కీమో అయిన ఏడాది, రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్యం రొట్టె పట్టుకుంది పెద్దమ్మ. మరుసటి ఏడు తనే రొట్టెలు చేసుకుపోయి ఇంకొకరికి ఇచ్చింది. ఆ పుచ్చుకున్నావిడ తల గుడ్డ కట్టుకుని ఉందని, ఏ మందు ఎక్కిస్తున్నారని అడిగితే "ఎర్రది" అందని, అది మాత్రం ఇవాళే చెప్పింది.

జూన్ 24

మా ల్యాబులో బతికున్న కణాల మీద పరీక్ష చేసే వీలు లేదు. చెన్నైలో ఒక ల్యాబు ఒప్పుకుంది. రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఏడు గుంపులు: ఏమీ లేనిది, వెలుతురు మాత్రమే, వట్టి నల్ల కణాలు, వట్టి నల్ల కణాలతో వెలుతురు, మందు మాత్రమే, మందు పట్టించిన నల్ల కణాలు చీకట్లో, అవే వెలుతురులో. వేడీ మందూ కలిస్తే ఉత్త కూడికా, అంతకు మించా అన్నది చౌ, తలాలే 1984లో ఇచ్చిన పద్ధతిలో లెక్క కడతారు. అంకె 1 కంటే తక్కువ వస్తే ఒకదానికొకటి బలమిచ్చినట్టు.

రొయ్యలు కొనే షెడ్డులో, రొయ్యల ల్యాబు అన్న ఒక చిన్న థర్మకోల్ పెట్టె ఇచ్చాడు, కొత్తది. ఐసు వేయకూడదు, గడ్డకడితే కణాలు ముద్దైపోతాయి. ఫ్రిజ్‌లో చల్లబరిచిన జెల్ సంచులు, మధ్యలో అట్ట, అట్ట మీద రేకు చుట్టిన ఆరు సీసాలు, కారకుండా రెండు పొరల సంచి, ఒలికితే పీల్చే కాగితం, పైన హెచ్చరిక చీటీ. లోపల చిన్న డిజిటల్ థర్మామీటరు, దాని తీగ బయటికి. సీసాల మీద బ్యాచ్ నంబరు, తేదీ, 61, 9.

జూన్ 25

చెన్నై పోయే పినాకిని రైల్లో నేనూ పెద్దమ్మా. ఆమె ఏడాది చెకప్ కూడా ఈ వారమే, ఇవాళకి మార్పించుకున్నాం. కిటికీ పక్క ఎండ పడుతుంటే పెట్టెని ఆమే లోపలికి జరిపించింది.

"ఇందులో ఎర్రగా కనపడతాదా?"

కనపడదు, పైకంతా నలుపే అన్నాను. గూడూరు దాటాక థర్మామీటరు 6.2 చూపించింది. సూళ్ళూరుపేట దగ్గర 6.8. మధ్యాహ్నం ల్యాబు బల్ల మీద మూత తీసేటప్పటికి 7.1. అక్కడి అబ్బాయి ఒక సీసా వెలుతురుకి పట్టుకుని తిప్పాడు. అడుగున మసి లేదు. ఫలితం మూడు వారాల్లో అన్నాడు. రిజిస్టర్లో సంతకం చేసి, ఖాళీ పెట్టె తీసుకుని, పెద్దమ్మ ఎకో గది బయట వరసలో ఉందని అటు పరిగెత్తాను.